మూడు పూటలా నీళ్ళు తాగిన నిమ్మమొక్క

ఆ ఉదయం సైంటిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, మూడిళ్ళలో మొక్కలకి నీళ్ళు పోయాలి, తొమ్మిది కొట్టేసరికి పుస్తకాల షాపులో బిల్లులు రాసే కుర్చీలో కూర్చోవాలి. ఇంత చిన్న పథకాన్ని పాడుచేయాలంటే మనిషి కనీసం డిగ్రీ రెండో సంవత్సరమైనా చదివుండాలి. ఆమె చదివింది.

సైంటిస్టు అన్నది వాళ్ళ నాన్న పెట్టిన పేరు. ఎనిమిదో తరగతిలో ఇంట్లోనే సబ్బు చేస్తానని పాలగిన్నె మాడ్చినప్పుడు పెట్టాడు. కాలేజీలో కెమిస్ట్రీ తీసుకున్నాక ఆ పేరు ఇక వదల్లేదు. ఆ మనిషి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఏడో తరగతితో బడికి నమస్కారం పెట్టేశాడు. మిషన్ తిరిగే చప్పుడు వింటే చాలు, ఏ మర అరిగిందో చెప్పేస్తాడు. అలా చెప్పలేక పుస్తకం తెరిచి చూసేవాళ్ళనే చదువుకున్నవాళ్ళంటారని ఆయన అభిప్రాయం.

సెలవుల ముందు తండ్రీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం జరిగింది. ఆమెకి సొంత కంప్యూటర్ కావాలి. రెండేళ్ళుగా స్నేహితురాలి కంప్యూటర్ మీదే కాలేజీ రిపోర్టులు తయారుచేసుకుంటోంది. దానికి అద్దె కింద ఆ అమ్మాయి రిపోర్టులు కూడా తనే రాసిపెడుతోంది. చివరికి ఆ అమ్మాయికే తనకన్నా రెండు మార్కులు ఎక్కువ వచ్చేసరికి కడుపు మండిపోయింది. నాన్న స్క్రూడ్రైవర్ని గుడ్డతో చాలాసేపు తుడిచి, "సెలవులయ్యేలోపు సగం డబ్బు తెచ్చి చూపించు. మిగతా సగం నేనేస్తా. తేలేకపోయావనుకో, నీ చదువయ్యేదాకా ఈ ఇంట్లో కంప్యూటర్ మాట వినపడకూడదు," అన్నాడు. నెలాఖరుకి కూతురి సంచిలో బస్సు టికెట్లు తప్ప ఇంకేమీ మిగలడం ఆయన చూసి ఎరగడు. తేలేదన్న ధీమాతోనే అన్నట్టు కనిపించాడు.

ఆ రోజు నుంచి సైంటిస్టు బస్సెక్కడం మానేసింది. బయట టీ మానేసింది. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, నాన్న షాపులోనే ఒక పుస్తకంగా కుట్టుకుంది. జుట్టు కూడా తనే కత్తిరించుకుంది. దాని గురించి ఎవరూ ఏమీ అనకపోవడం వాళ్ళ మంచితనం. షాపు జీతంతో కొంత పోగవుతుంది. తక్కినది వాళ్ళ బిల్డింగులో వేసవికి ఊళ్ళు వెళ్తున్న మూడిళ్ళవాళ్ళు, నెల తర్వాత తిరిగొచ్చి, మొక్కలు బతికుంటే ఇస్తామన్నారు.

కింద రిటైరైన స్టేషన్ మాస్టరు గారిల్లు, పదకొండు కుండీలు. మొదటి అంతస్తులో మందుల షాపు దంపతులు, పద్నాలుగు. రెండో అంతస్తులో టీచరమ్మ, పన్నెండు. మూడో అంతస్తులో వీళ్ళే ఉంటారు, వీళ్ళకి ఒక్క కుండీ కూడా లేదు.

స్టేషన్ మాస్టరు గారే బిల్డింగు సంఘానికి అధ్యక్షుడు. ఆయనకి ఒక నిమ్మమొక్క ఉంది. దాన్ని ముందుగదిలో చెప్పుల బల్ల పక్కన మూలకి పెట్టి తొమ్మిదేళ్ళుగా పెంచుతున్నాడు. అది చావలేదు, పూయలేదు. ఊరికి బయల్దేరే ముందు సైంటిస్టు చేతిలో ఒక కాగితం పెట్టాడు. నిమ్మమొక్కకి నీళ్ళు: ఉదయం ఆరూ పదికి, మధ్యాహ్నం రెండూ ఇరవై అయిదుకి, రాత్రి ఏడూ నలభైకి.

"చూడమ్మాయ్," అన్నాడు, "ఇది క్షేమంగా ఉంటే మూడిళ్ళ డబ్బూ నేనే వసూలు చేసి నీ చేతిలో పెడతాను. దీనికి ఏమైనా అయిందో, మిగతా ఇద్దర్నీ కూడా పైసా ఇవ్వొద్దని చెప్తాను."

అంటే ఆమె కంప్యూటర్ మొత్తం ఆ మూలనున్న మొక్క మీద ఆధారపడి ఉందన్నమాట.

మొదటి నాలుగు రోజులూ సైంటిస్టు నిజాయితీగా చచ్చింది. మూడు తాళాలు తియ్యడం, బాత్‌రూమ్‌లోంచి చెంబుతో నీళ్ళు మొయ్యడం, దారిపొడవునా ఒలికినవి తుడవడం, మళ్ళీ మూడు తాళాలు వెయ్యడం. మధ్యాహ్నం రెండూ ఇరవై అయిదు కోసం మండుటెండలో షాపు నుంచి పరుగెత్తుకు రావడం. షాపు యజమాని గడియారం చూసి, ఈ మధ్యాహ్నం పరుగులు మానేస్తే పూర్తి రోజు జీతం ఇస్తానని, మానకపోతే సగం జీతమే ఖాయమని చల్లగా చెప్పాడు.

అయిదో రోజు ఆమె కాగితం, పెన్సిలు తీసుకుంది. చదువుకున్నవాళ్ళు కాగితం తీశారంటే ఎవరికో మూడిందన్నమాటే. లెక్క బాగానే కుదిరింది. టీచరమ్మ బాల్కనీ పెద్దది, పొద్దుటి ఎండ పడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడ కుళాయి, దానికో రబ్బరు గొట్టం ఉన్నాయి. ముప్ఫై ఏడు కుండీలనీ ఒక్కసారి అక్కడికి చేరిస్తే పొద్దున పది నిమిషాల్లో పని అయిపోతుంది. నెల చివర్లో ఎక్కడివక్కడ పెట్టేస్తే ఎవరికీ తెలీదు.

ఆదివారం పొద్దున మోత మొదలెట్టింది. కింద నుంచి పదకొండు, మొదటి అంతస్తు నుంచి పద్నాలుగు, మెట్ల మీదుగా, నడుం పట్టేసేదాకా. ప్రతి కుండీకీ ఒక చీటీ అంటించి ఇది ఫలానా వాళ్ళదని స్కెచ్ పెన్నుతో రాసింది. ఆ సిరా నీళ్ళలో ఎలా కరుగుతుందో మొన్నటి పరీక్షలో రెండు పేజీలు రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్న పిల్ల. బుధవారం నాటికి చీటీలన్నీ నీలంగా ఏడ్చి, గురువారం నాటికి ఊడి కాలవలో కలిశాయి. పర్వాలేదు, గుర్తున్నాయిలే అనుకుంది.

ఆమె కుండీలు మోస్తుంటే వాచ్‌మన్ గేటు దగ్గర నుంచి చూశాడు. స్టేషన్ మాస్టరు గారింట్లోంచి సామాను పోతోందేమని అడిగాడు. రొప్పుతూ ఉన్నందువల్ల సైంటిస్టు పొడుగ్గా చెప్పలేకపోయింది.

"మారుస్తున్నానన్నా," అంది.

వాచ్‌మన్ చాలాకాలంగా ఇళ్ళు మారేవాళ్ళని చూస్తున్నవాడు. ముందు మొక్కలు, ఆ తర్వాత మంచాలు. అయితే ఇల్లు ఖాళీ అవుతోందన్నమాట అనుకున్నాడు. సాయంత్రం వీధి చివర ఇళ్ళ బ్రోకరు చెవిన వేశాడు. మంచి ఇల్లు చూపిస్తే బ్రోకరు వాచ్‌మన్‌ని మర్చిపోడు.

ఇవేవీ తెలియని సైంటిస్టు మాత్రం హాయిగా ఉంది. రోజూ పొద్దున గొట్టం పట్టుకుని పది నిమిషాలు తిప్పేది, పూర్తి జీతానికి షాపులో కూర్చునేది. నిమ్మమొక్కకి మూడు పూటల బదులు ఒక్క పూటే అందుతోందని మొదట్లో కొంచెం మనసు పీకింది. తర్వాత అదీ పీకడం మానేసింది. కుళాయి రాని రెండు మూడు రోజులు ఆ ఒక్క పూటా లేదు.

కథ ఇక్కడితో ఆగిపోవలసింది. కానీ ఇంట్లో నాయనమ్మ ఉంది.

నాయనమ్మ ముప్ఫై ఏళ్ళు బజార్లో గాజుసామాను అమ్మిన మనిషి. పగిలిన గ్లాసుని కూడా ఇది పెన్నులు పెట్టుకోడానికని చెప్పి అమ్మిందని పేరు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉంటోంది, నోరు మాత్రం ఇంకా బజార్లోనే ఉంది. టీచరమ్మ బాల్కనీ చల్లగా ఉందని మనవరాలి దగ్గర తాళం తీసుకుని, రోజూ మధ్యాహ్నం నెమ్మదిగా ఒక అంతస్తు దిగి, అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలెట్టింది. కింద నుంచి ఎవరో ఒకరు తలెత్తి ఇన్ని మొక్కలేమిటని అడిగేవాళ్ళు. ముప్ఫై ఏడు కుండీలు, ఒక ముసలావిడ, ఒక కుర్చీ. అవి ఎవరివో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇంక చెప్పేదేముంది.

ఇరవై రెండో రోజు సాయంత్రం సైంటిస్టు షాపు నుంచి వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి నోట్లు మనవరాలి చేతిలో పెట్టింది.

"ఏమిటే నాయనమ్మా ఇది?"

"నీ వ్యాపారం డబ్బులే. ఒకటే పోయింది ఇవాళ. ఇంకో రెండింటికి అడ్వాన్సు తీసుకున్నా. నువ్వు ఒక్క చీటీ కూడా పెట్టలేదు, ధరలన్నీ నేనే చెప్పుకోవాల్సొచ్చింది. నెలరోజులుగా పెంచుతున్నావు, అమ్మడం మాత్రం చేతకాదు. మీ నాన్న పోలికే."

"ఏది అమ్మావు?"

"అదే, నిమ్మది. సందు మొదట్లో కళ్ళజోళ్ళ షాపాయన కొన్నాడు. మొగ్గ తొడిగుంది, అందుకని ఎక్కువే చెప్పా. నోరెత్తకుండా ఇచ్చి, తనే భుజాన వేసుకుపోయాడు."

మొగ్గల సంగతి సైంటిస్టు చెవికి ఎక్కలేదు. మెట్లు దిగిందో దూకిందో తెలీదు. కళ్ళజోళ్ళ షాపు రేకు తలుపు దించి ఉంది. మీద ఒక అట్ట: ఊరెళ్ళాం, సోమవారం తెరుస్తాం. ఆరోజు శుక్రవారం.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. నాయనమ్మ సంగతి తెలిశాక అడ్వాన్సులు తిరిగిచ్చేసి, తన జీవితంలో మొదటిసారి బేరం వెనక్కి తీసుకున్నానని మంచం ఎక్కింది. నాన్న రెండు రోజులూ మిషన్లకి నూనె వేస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఎలాగూ ఇంకో వారం ఉంది కదా, సోమవారం పొద్దున్నే ఆ షాపాయన కాళ్ళావేళ్ళా పడి మొక్క తెచ్చేసుకుంటానని సైంటిస్టు తనకి తనే వందసార్లు చెప్పుకుంది.

ఆ వారమే మిగల్లేదు. ఆదివారం సాయంత్రం బ్రోకరు, స్టేషన్ మాస్టరు గారి నంబరు ఎలాగో సంపాదించి, మీ ఇల్లు అద్దెకి ఎంత చెప్తున్నారని ఫోన్ చేశాడు. ఆయనకి సగమే అర్థమైంది. ఆ సగమే చాలు. రాత్రికి రాత్రి బయల్దేరి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి గేటు ముందు దిగాడు. దిగుతూనే అలవాటుగా గడియారం చూసుకున్నాడు.

ఆయన గుమ్మం ముందు ఎవరో కొత్తగా పెళ్ళయిన జంట నిలబడి ఉంది. ఆ అబ్బాయి టేపు పట్టుకుని బయటి నుంచి కిటికీ కొలుస్తున్నాడు. మంచం ఎటు తలపెట్టి వెయ్యాలన్న దాని మీద ఆ అమ్మాయి అలిగి ఉంది. తన ఇంట్లో తన మంచం తప్ప ఇంకో మంచం పడదని స్టేషన్ మాస్టరు గారు వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పేసరికి బిల్డింగు మొత్తం మెట్ల మీదకి చేరింది. తలుపు తీశాడు. చెప్పుల బల్ల పక్కన మూల ఖాళీగా, గుండ్రటి పాత నీటి మరక మాత్రం మిగిలి ఉంది.

కళ్ళజోళ్ళ షాపుకి బయల్దేరుతున్న సైంటిస్టు అప్పుడే మెట్లు దిగింది. ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. తలలో రెండు మూడు తయారుగానే ఉన్నాయి. వెనక మెట్ల మీద నాయనమ్మ కూడా కళ్ళతోనే ఒకటి అందిస్తోంది. కానీ ఆమె నోటికి నిజమే వచ్చింది. మొక్కలన్నీ పైకి మార్చిన సంగతి, నాయనమ్మ పొరపాటున అమ్మిన సంగతి, కళ్ళజోళ్ళ షాపు సంగతి, తలొంచుకుని మొత్తం చెప్పేసింది.

స్టేషన్ మాస్టరు గారు గొడుగు తీసుకుని నడిచాడు. ఆయన వెనక సైంటిస్టు, ఆమె వెనక మోకాళ్ళు పట్టుకుంటూ నాయనమ్మ, ఇల్లు పోయిన జంట, మామూలు పోయిన వాచ్‌మన్. ఈ ఊరేగింపు కుట్టుమిషన్ల షాపు ముందు నుంచి పోతుంటే నాన్న కూడా స్క్రూడ్రైవర్‌తోనే లేచి వచ్చేశాడు.

కళ్ళజోళ్ళ షాపు అప్పుడే తెరిచి ఉంది. అద్దం వెనక, జోళ్ళ వరస పక్కన, ఒక నిమ్మమొక్క. కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు. ఆ వాసనకి షాపు ముందు ఇద్దరు ఆడవాళ్ళు ఊరికే ఆగి నిలబడ్డారు. స్టేషన్ మాస్టరు గారు దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళి, తన నిమ్మమొక్క తనకి ఇచ్చెయ్యమన్నాడు.

షాపాయన వేలితో చూపించాడు. "అదేనండి."

స్టేషన్ మాస్టరు గారు చూశాడు. "అది కాదు. నాది పూయదు."

"పూసింది కదండీ."

"తొమ్మిదేళ్ళు పెంచాను. నా మొక్క సంగతి నాకు తెలీదా. నాది ఇలాంటి వేషాలు వేసే రకం కాదు."

శుక్రవారం ఆ ముసలావిడ దగ్గర కొన్నదే, మొగ్గల మీద ఉండగా తెచ్చాను, మూసిన షాపులో విచ్చుకుంది అని షాపాయన ఎంత చెప్పినా ఆయన తలకెక్కలేదు. చివరికి సైంటిస్టు వైపు తిరిగాడు. ఆమె తన మొక్కని ఎండబెట్టేసిందనీ, ఎక్కడో పూలమొక్క తెచ్చి తన కళ్ళకి గంతలు కడుతోందనీ అన్నాడు. మూడిళ్ళ నుంచీ ఒక్క పైసా రాదన్నాడు. సంఘం పుస్తకంలో కూడా రాస్తానన్నాడు.

కంప్యూటర్ పోయింది, ఇప్పుడు మాట కూడా పోతోంది. నిజం చెప్పి దొంగైపోవడం కెమిస్ట్రీలో ఎక్కడా చదవలేదు.

అప్పుడు నాన్న గుమ్మంలోంచే నెమ్మదిగా అన్నాడు. "సార్, మా పిల్ల ముప్ఫై ఏడు కుండీలూ కలిపేసిందంటే నమ్ముతా. మా అమ్మ మీ మొక్కని అమ్మేసిందంటే ఇంకా బాగా నమ్ముతా. మా పిల్ల అబద్ధం చెప్పిందంటే మాత్రం నమ్మను. దానికి అంత తెలివి ఉంటే బాగుపడేదే."

షాపాయనకి పొద్దున్నే బోణీ కాకుండా ఈ గొడవేమిటనిపించింది. స్టేషన్ మాస్టరు గారి మొహం వైపు, ముక్కు మీదున్న జోడు వైపు తేరిపారా చూసి, ఒక్క నిమిషం కూర్చోమన్నాడు. డబ్బులక్కర్లేదన్నాడు. గోడ మీది అక్షరాల అట్ట చదవమన్నాడు. మొదటి వరస గట్టిగా చదివాడాయన. రెండో వరస ఇంకా గట్టిగా చదివాడు, కానీ ఆ అక్షరాలు అక్కడ లేవు.

"ఈ జోడు ఎప్పటిదండీ?"

"తొమ్మిదేళ్ళయింది."

"మొక్కతోపాటే తెచ్చుకున్నారన్నమాట," అని షాపాయన బరువైన ఇనప జోడు ఒకటి ఆయన ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒకటొకటిగా మార్చాడు. నాలుగో అద్దానికి స్టేషన్ మాస్టరు గారు నిటారుగా కూర్చున్నాడు. వాచ్‌మన్ గుండీ ఒకటి ఊడిపోయిందని చెప్పాడు. సైంటిస్టు జుట్టు చూసి ఏదో అనబోయి మానేశాడు. తర్వాత చూపు నిమ్మమొక్క మీద పడింది, అక్కడే ఆగింది. దగ్గరికి వెళ్ళి ఆకు పట్టుకున్నాడు, కాండం మీద ఒక మచ్చ తడిమాడు.

"కుండీ ఎత్తు," అన్నాడు నాన్నతో.

నాన్న ఎత్తి వంచాడు. అడుగున తెల్ల ఆయిల్ పెయింటుతో ఒకటి అంకె, దాని కింద అడ్డగీత. ఇంట్లో గొడుగు నుంచి గరిటె దాకా ప్రతి దానికీ నంబరు వేసుకునే మనిషి చేతిరాత. ముప్ఫై ఏడు చీటీలు కడుక్కుపోయాయిగానీ, ఈ ఒక్క అంకె మాత్రం తొమ్మిదేళ్ళ నీళ్ళకి చెక్కుచెదరలేదు.

స్టేషన్ మాస్టరు గారు ఇనప జోడుతోనే సైంటిస్టు వైపు తిరిగాడు.

"నీళ్ళు ఎన్నిసార్లు పోశావు?"

"పొద్దున ఒక్కసారే సార్. కొన్నాళ్ళు అదీ లేదు."

"ఎండలో పెట్టావా?"

"పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా."

ఆయన పూల వైపు చూశాడు. "అయితే ఈ తొమ్మిదేళ్ళూ నేను దాన్ని..."

"ముంచేశారు," అన్నాడు నాన్న. మిషన్ చప్పుడు విని జబ్బు చెప్పినంత మామూలుగా.

ఆ తర్వాత జరిగిందంతా చకచకా జరిగింది. కొత్త జోడు తన దగ్గరే చేయించుకునేట్టయితే మొక్కని కొన్న ధరకే ఇస్తానన్నాడు షాపాయన. నాయనమ్మ కొంగు ముడి విప్పి ఆ ధర పైసాతో సహా లెక్కపెట్టి ఇచ్చింది. పనిలో పనిగా ఒక సంచి ఊరికే పుచ్చుకుంది. నిమ్మమొక్కని మోసుకొచ్చే పని వాచ్‌మన్‌కి పడింది. దారిలో ఆగి వాసన చూసిన ప్రతివాళ్ళకీ స్టేషన్ మాస్టరు గారు అది తన మొక్కేననీ, తొమ్మిదేళ్ళు పెంచాననీ చెప్పాడు. తొమ్మిదేళ్ళే చెప్పాడు, చివరి మూడు వారాల సంగతి చెప్పలేదు. బిల్డింగు మెట్ల దగ్గరికి వచ్చాక ఆగి, "పెంచింది నేనే," అన్నాడు సైంటిస్టుతో, "పూయించింది నువ్వు. సంఘం పుస్తకంలో అలాగే రాస్తాను."

వారం తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. చీటీలు లేని కుండీల్లో ఎవరివేవో సైంటిస్టుకి తను అనుకున్నంత బాగా గుర్తులేదని అప్పుడు తేలింది. గొడవేమీ కాలేదు. టీచరమ్మ అన్నిట్లోకీ ఏపుగా ఉన్న పన్నెండింటిని తనవేనని గుర్తుపట్టింది. మందుల షాపు దంపతులు మిగిలినవాటిలో ఏపుగా ఉన్న పద్నాలుగుని గుర్తుపట్టారు. అడుగున అంకెలున్నవి ఎవరూ ముట్టుకోలేదు. ఇంత బాగా ఎప్పుడూ పెరగలేదని ఇద్దరూ మెచ్చుకున్నారు, వచ్చే వేసవికి ఇప్పుడే మాట్లాడేసుకున్నారు. స్టేషన్ మాస్టరు గారు కొత్త జోడు సర్దుకుని, మూడిళ్ళ డబ్బూ తనే వసూలు చేసి, చెప్పిన మాట ప్రకారం ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం సైంటిస్టు షాపు జీతం, మొక్కల డబ్బు, బస్సెక్కకుండా మిగిల్చింది, అంతా ఒక కవరులో పెట్టి నాన్న మిషన్ బల్ల మీద ఉంచింది. ఆయన లెక్కపెట్టలేదు. సొరుగు లాగి, లోపల దారపు ఉండల కింద నుంచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి తీసి దాని పక్కన పెట్టాడు. ఆ రబ్బరు బ్యాండు అప్పటికే ఎండిపోయి బీటలు వారి ఉంది. సెలవులు మొదలవక ముందే వేసినట్టుంది.

"ఎప్పట్నుంచి ఉంది నాన్నా ఇది?"

"మిషన్‌కి నూనె వెయ్యాలి, పక్కకి జరుగు," అన్నాడాయన.

పదిరోజులకి కంప్యూటర్ వచ్చింది. దాని మీద సైంటిస్టు మొట్టమొదట టైపు చేసిన కాగితం ఇప్పుడు స్టేషన్ మాస్టరు గారి వరండా గోడకి అతికించి ఉంది. అది నిమ్మమొక్క కొత్త టైంటేబుల్. అందులో నీళ్ళు పోసే రోజుల కన్నా సెలవులే ఎక్కువ.